మొదటి వాది రాజలింగు

2025 మార్చి 17, సోమవారం, ఉదయం 11 గంటలకు స్టేషనులో ఎస్.ఐ. గారి ఎదుట చెప్పి రాయించినది.

నా పేరు కొల్లాబత్తుల శాంతికుమార్. తండ్రి ఆరోన్, ఇప్పుడు లేరు. వయసు యాభై నాలుగు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటును. సొంతూరు తెనాలి దగ్గర. ఇరవై ఆరేళ్ళుగా తార్నాకలో అద్దెకు ఉంటున్నాను. రాజలింగు కూతురు భాగ్య నా మీద ఇచ్చిన ఫిర్యాదు మీరు చదివి వినిపించారు. నేను మోసం చేసి ఆమె తండ్రి చేత సంతకం పెట్టించానని అందులో ఉంది. వరసగా చెబుతాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్ళీ మొదటికొస్తాను.

రాజలింగు వయసు డెబ్బై ఒకటి. క్యాంపస్ ఫుట్‌బాల్ గ్రౌండును ముప్పై నాలుగేళ్ళు చూసుకుని రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి, తాడు కట్టి సున్నంతో గీతలు గీసేవాడు. గీత వంకర పోయిందంటే ఆ పూట అన్నం సయించేది కాదట. నేను పొద్దున్నే అక్కడ నడుస్తాను. మాది పదిహేనేళ్ళ పరిచయం. ఆయన నన్ను సారూ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి.

2023లో ఆ గ్రౌండు తీసేసి కొత్త స్టేడియం కడతామని ఒక ప్రైవేటు సంస్థ వచ్చింది. టికెట్టు కొని చూసే స్టేడియం. లాలాపేట్, అడిక్‌మెట్ పిల్లలు ఆడుకోవడానికి వేరే చోటు లేదు. అక్కడ ఆడే యూనివర్సిటీ కుర్రాళ్ళు కోర్టుకు పోదామన్నారు. జూన్ 18, ఆదివారం, సాయంత్రం ఐదింటికి గ్రౌండులోనే కూర్చున్నాం. కాగితం నేనే రాశాను. అర్జీలు రాయడంలో నాకు పేరుంది, తార్నాకలో సగం మందికి నేనే రాసిపెట్టాను. ఆ గర్వం కూడా రాసుకోండి.

వాదులు పదకొండు మంది. పేర్లు రాసేటప్పుడు నేనే అన్నాను, పెళ్ళిపత్రికలో వేసినట్టు పెద్దవారి పేరు ముందుండాలని. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజలింగు సిగ్గుపడ్డాడు.

"నా పేరెందుకు సారూ? కోర్టు ముచ్చట నాకేమెర్క?"

"మా అందరికీ పెద్ద మీరే కదన్నా."

"గట్లనా? అయితే మంచిగ రాయున్రి. మా నాయిన పేరు సుత రాయున్రి."

వెంకటస్వామి అని రాశాను. ఆయన ఒక్కో అక్షరం ఆగి ఆగి దిద్ది సంతకం పెట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

కోర్టు స్టే ఇచ్చింది. ఇస్తూ, కేసు ఓడితే అవతలివారి నష్టం భరిస్తామని హామీ రాసిమ్మంది. దాని మీదా మొదటి వాది సంతకమే తీసుకున్నారు. పద్నాలుగు నెలలు పని ఆగింది. 2024 సెప్టెంబరులో కేసు ఓడిపోయాం. వాళ్ళ వకీలు ఫీజు, గడువు దాటిన ప్లాను మళ్ళీ గీయించిన ఖర్చు, కొత్త పర్మిషను ఫీజు, అన్నీ కలిపి ఆరు లక్షల నలభై వేలు వాదులే కట్టాలన్నారు. అందరి దగ్గరైనా, ఏ ఒక్కరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చన్నారు. మిగతా పదిమంది హాస్టళ్ళలో, అద్దె రూముల్లో ఉండే పిల్లలు. ఎవరి దారిన వాళ్ళు పోయారు. సొంత ఇల్లున్నది రాజలింగు ఒక్కడికే. లాలాపేట్‌లో రెండు రేకుల గదులు. ఒకదాంట్లో భాగ్య బట్టలు కుడుతుంది.

డబ్బు కట్టమని వచ్చిన నోటీసు పట్టుకుని రాజలింగు తార్నాక చౌరస్తాలో చాయ్ హోటలుకు వచ్చాడు. "గిదేంది సారూ? నేనెవ్వనికి బాకీ లేను గదా" అన్నాడు. ఏం కాదన్నా, అప్పీలు వేద్దాం అన్నాను. వేయలేదు. రేపు, రేపు అంటూ గడువు దాటించేశాను. దానికి నా దగ్గర సంజాయిషీ లేదు.

ఈ నెల 11, మంగళవారం, సాయంత్రం నాలుగున్నరకు కోర్టు అమీనా ఇల్లు జప్తు చేయడానికి వచ్చాడు. భాగ్య ఫోను చేస్తే పరుగెత్తాను. జప్తు చేసేటప్పుడు వీధిలో డప్పు కొట్టించి చాటించాలట, ఇప్పటికీ. డప్పు వినపడగానే వాడంతా బయటికొచ్చింది. "ఎవ్వరి పెండ్లే రాజన్నా?" అని పక్కింటావిడ నవ్వుతూ అడిగింది. అమీనా చదివాడు: మొదటి వాది రాజలింగు, తండ్రి వెంకటస్వామి. తండ్రి పేరు దగ్గర ఆయన తల వంచేశాడు. కాగితం గోడకు అంటించారు. "నా డ్యూటీ పెద్దాయనా, ఏమనుకోకు" అన్నాడు అమీనా. రాజలింగు లోపలికి పోయి అతనికీ, డప్పు కొట్టినతనికీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

భాగ్య నా వైపు తిరిగింది. "నువ్వే రాసినవ్ గద సారూ. అండ్ల నీ పేరేది?"

రాజలింగే అన్నాడు, "ఊకో బిడ్డా. సారు నాకు పెద్దరికమిచ్చిండు."

మరునాడు బుధవారం ఉదయం 6 గంటల 10 నిమిషాలకు నడకకు వెళ్ళాను. గ్రౌండు చుట్టూ రేకులు కొట్టేశారు. గేటు బయట మట్టిలో రాజలింగు పక్కకు ఒరిగి ఉన్నాడు. చెయ్యి చల్లగా ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గుండె ఆగి గంట దాటిందన్నారు. ఒంటి మీద గాయాలేమీ లేవు.

ఇక మీరు అడగనిది చెబుతాను. గ్రౌండులో కూర్చున్న ఆ జూన్ ఆదివారం, ముందుగా నేను ఇంట్లో రాసుకున్న చిత్తులో మొదటి పేరు నాది. కేసులో యూనివర్సిటీ కూడా ప్రతివాది. ఉద్యోగి కేసు వేస్తే ఊరుకోరు. నా ప్రమోషను ఫైలు అప్పుడే పైకి వెళ్ళింది. గ్రౌండులో కాగితం తీస్తుంటే చెయ్యి ఆగింది, నా పేరు కొట్టేశాను. ఖాళీ అయిన చోట ఎవరినో ఒకరిని పెట్టాలి. పెద్దరికం అనే మాట అప్పటికప్పుడు తోచింది. మంచి మాట కదండీ. అందరూ నమ్మారు. ఆ ఏడాది ఆగస్టులోనే ప్రమోషను వచ్చింది. స్వీట్లు పెడితే రాజలింగు నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు.

మొన్న నా భార్య రూతు అడిగింది, "అన్నం ముందు ప్రార్థన మానేశారేంటండీ? ఏం దాచారు?" అని. చెప్పాను. కంచం పక్కకు జరిపి, "నాకెందుకు, ఆ పిల్లకు చెప్పండి" అంది. మూడుసార్లు లాలాపేట్ వెళ్ళి గుమ్మం దగ్గరి నుంచే తిరిగొచ్చాను. గోడ మీద ఆ కాగితం అలాగే ఉంది.

ఇది నేరం కిందికి రాదని, ఇదంతా రాయడం దేనికని ఇందాక మీరన్నారు. రాయండి. ఆమె ఫిర్యాదులో మోసం అన్న మాట కొట్టేయకండి. ఆమె బయట బెంచీ మీదే ఉంది, పిలిచి ఇదంతా చదివి వినిపించండి. వాళ్ళ నాయన మాత్రం చివరిదాకా నేను గౌరవించాననే అనుకున్నాడు. ఆ ఒక్క ముక్క దగ్గర కాస్త మెల్లగా చదవండి.

పైదంతా నేను చెప్పగా రాసినదే. చదివించుకుని విన్నాను. ఎవరి బలవంతమూ లేదు, ఇందులో అబద్ధం లేదు.

(సంతకం)
కొల్లాబత్తుల శాంతికుమార్