పసివాళ్ల పట్టిక

హలో… ఆ, నేనే సార్. మీ లేబ్‌లో పనిచేసిన దాన్నే… మీ గొంతు మర్చిపోతానా? తొమ్మిదేళ్లుగా చెవుల్లోనే ఉంది… లేదు, ఇప్పుడు కళ్లజోళ్ల కొట్లో. అద్దాలు తుడుస్తున్నా. చెప్పండి.

ఎవరికి?… మీ మనవరాలికా! ఎన్నాళ్ల పిల్ల?… నలభై రోజులు.

వాంతులా… ఊఁ… రక్తంలో గాస్ట్రిన్ ఎక్కువుందా? కడుపులో ఆమ్లం ఊరించే హార్మోనేగా, తెలుసు సార్. ఎంత?… రెండింతలు. దాంతో పొట్టలో గడ్డ ఉందనేశారా?… రేపే కోస్తారా!

ఒక్క మాట. రక్తం తీసేముందు పాలు తాగిందా?… అరగంట ముందా? పాలు పడితే అది పెరగదూ? పైగా ఎవరి లెక్కతో పోల్చారు? పెద్దవాళ్లదేగా?…

అనుకున్నా, పెద్దవాళ్లదే.

పసిపిల్లలకి అది మొదట ఎక్కువే ఉంటుంది, పెరిగేకొద్దీ దిగుతుంది అని ఆరోజు నెత్తీ నోరూ కొట్టుకున్నా. పురిట్లో పిల్లల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా ఏ వయసుకి ఎంతో, ఆరేళ్లు కూర్చుని పట్టిక గీశా. గోడకంటిస్తే ఏం చేశారు?… గుర్తు లేదా? నాకుంది. చింపి చెత్తబుట్టలో పడేశారు. 'సూదులు గుచ్చేదానివి, నాకు పాఠాలా' అన్నారు.

ఆ బట్టలు కుట్టే ఆవిడ పసివాడికీ ఇలాగే గాస్ట్రిన్ ఎక్కువుందని పొట్ట కోశారే… ఏం దొరికింది సార్?… ఊహూఁ, మీ నోటితోనే వినాలి… ఆఁ. ఏమీ లేదు. కుట్లు చీము పట్టి రెండు నెలలు ఆస్పత్రిలోనే ఉన్నాడు. మీరేమో నేను శాంపిల్ మార్చేశానని నన్ను గెంటేశారు.

ఏడవకండి… పట్టికా? ఉంది, నకలుంది… బతిమాలక్కర్లేదు సార్. ఇంకా పాల వాసనైనా పోని పిల్ల మీద నాకేం పగ? కోత ఆపమనండి. పాలు తాగి కొన్ని గంటలయ్యాక మళ్లీ రక్తం తీసి, ఆ వయసు లెక్కతో చూడమనండి. వాంతులకి వేరే కారణం వెతకమనండి.

పగ మీ మీదే.

పట్టిక మీతో మాట్లాడుతూనే ఫోన్లో పంపేశా… మీకు కాదు, మీ అమ్మాయికి. బిడ్డ తల్లికి… నెంబరా? కాన్పుకి ముందు మా కొట్లోనే కళ్లజోడు చేయించుకుని రాసిచ్చింది.

ఇంకో కాగితం కూడా పెట్టా. నన్ను తీసేస్తూ మీరిచ్చిన ఉత్తరం. 'పసిపిల్లలకు వేరే కొలతలంటూ ఉండవు' — మీ మాటే, మీ సంతకమే. ఆ బాబు సంగతి దాని కింద నేనే ఎప్పుడో రాసుంచా…

తీసేయాలా? చదివేసిందే సార్, నీలం టిక్కులు పడ్డాయి… మీ అమ్మాయి చిన్నపిల్లా? ఎందుకు తట్టుకోలేదు? ఆ బట్టలు కుట్టే ఆవిడ తట్టుకోలేదూ?

ఉండండి, ఇంకో ఫోనొస్తోంది… ఆఁ, మీ అమ్మాయే… లేదు సార్, నేనేం అబద్ధం చెప్పను. ఏమడిగితే అది చెప్తా.

పెట్టేస్తున్నా.