అక్క మందు

ఈజిప్టులోని ఫయ్యూమ్‌లో బ్రాయిలర్ కోళ్ళ హేచరీ నడిపే బావమరిది మిట్టమధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క బహీజా పోయాక ఆ గుమ్మం తొక్కడం అతనికి ఇదే మొదటిసారి. బావ లోపలికి రమ్మనలేదు.

"బావా, పిల్లలు గుడ్లలోనే చచ్చిపోతున్నాయి. ఈ విడత పోతే నా హేచరీ మూతే. అక్క మందే కదా వాడాను!"

"అక్క మందా? సంతలో నీ మందని చెప్పి అమ్మావుగా. 'అది నాదిరా' అని బహీజా అంటే, 'కోళ్ళ పెంట ఎత్తేదానికి మందులేం తెలుసు' అని పదిమందిలో నవ్వావు."

"తప్పే, కాళ్ళు పట్టుకుంటా. ఏం తేడా చేశానో చెప్పు."

"ఏం చేశావు?"

"పొదగడానికి పెట్టే ముందు గుడ్లకు నల్లజీలకర్ర నూనె పట్టించాను."

"బహీజా గుడ్లకు చిలకరించింది నల్లజీలకర్ర కాచిన నీళ్ళు. నూనె, పిల్లలు బయటికొచ్చాక దాణాలో కలిపేది. పెంకుకి నూనె పూస్తే లోపలి పిల్లకి ఊపిరెలా ఆడుతుందిరా?"

"ఈ ముక్క ముందే చెప్పి ఉంటే..."

"నువ్వు నూనె డబ్బాలు బండికెక్కిస్తున్నప్పుడు ఎదురు కాఫీ కొట్లోనే కూర్చున్నాను. 'గుడ్లకేనా?' అని అడిగాను. అవునన్నావు. 'అల్లా బర్కత్తు ఇవ్వాలి' అని దీవించాను."