రెండో కొలత

శామీర్‌పేటలో ఒక ఇల్లు. దీపం పెట్టే వేళ. కూతురు నవ్య బయటి నుంచి వచ్చి గడప దగ్గర చెప్పులు విడుస్తోంది. తల్లి సత్తమ్మ ఎదురొచ్చింది.

“ఇయ్యాలైన తేలిందా బిడ్డా? ఆ గుండు గీయించకపోతే నీకు పోలీసు నౌకరి వచ్చేదేనా అని ఐదేండ్ల సంది మనసు తొలుస్తాంది.”

“మళ్ల మొదలువెట్టినవా. లోపలికి రానియ్యవా?”

“రా. పొడుగు కొలిసిండ్రా?”

“కొలిసిండ్రు.”

“ఎంతొచ్చింది?”

“ముందు నీళ్లియ్యి.”

“ఇగో. ఆ చున్నీ తియ్యవే, ఉడకపోస్తలేదా?”

“ఉండనియ్యి. ఎండకు తల నొస్తాంది.”

“పొద్దుగూకినంక ఎండేంది? నేను చెప్పినట్టు కొప్పు పైకి కట్టినవా?”

“కొప్పు కడితే ఇప్పిస్తరమ్మా. డాక్టరున్నడు, కోర్టు పంపినోళ్లున్నరు, వీడియో గూడ తీసిండ్రు.”

“పొద్దుగాల జర పొడుగుంటరంట, పక్కింటి జమీలా చెప్పింది. గందుకే ఫోన్ల చెప్పిన, పిలిసేదాంక పండుకునే ఉండుమని.”

“గ్రౌండుల చాపేసుకొని పండుకోవాల్నా?”

“నవ్వకు. అప్పుడు తక్కువైంది అర సెంటీమీటరే. అర సెంటీమీటరంటే ఎంత? జుట్టంత.”

“మిషిను పెట్టిన నేల వంకరుందని గదా మేమంత కోర్టుకు వోయింది. గందుకే గదా జడ్జి మళ్ల కొలువుమన్నది.”

“మీ శోభారాణి వకీలమ్మ చెప్తది. మీ నాయిన నమ్మిండా? రాత పరీక్ష పాసైతే నీ తలనీలాలిస్తనని గుట్ట మీది దేవునికి మొక్కిండు. నువ్వు పాసైనవ్. దేవుని మొక్కు ఆపొద్దని, కొలతలకు ముందే తీస్కవోయి గుండు గీయించిండు.”

“నాయిన తప్పేం లేదు.”

“ఆ మాట ఆయన బతికున్నప్పుడు అనకపోతివి. దవాఖానల నీ చెయ్యి వట్టుకొని అడిగిండు, నా మొక్కుతోనే పోయిందా బిడ్డా అని. నువ్వు కిటికీ దిక్కు చూసినవ్.”

“నాకు తెలిస్తే గదా చెప్పెతందుకు. పోయే మనిషికి అబద్ధం చెప్పాల్నా?”

“ఏమో. చెప్తే నిమ్మలంగ పోయెటోడేమో. ఇప్పటికీ దీపం వెట్టే యాళ్లకు దర్వాజ కాడ చప్పుడైతది. మీ నాయిన నీ పొడుగు చూసి ఆ దర్వాజకే గీసిండు గదా, గుండుకు ముందొక గీత, గుండైనంక ఒక గీత. ఆ రెండిట్ల నడుమ ఆయన బొటనవేలుతోని రుద్దుతున్నట్టే ఉంటది.”

“నాక్గూడ ఇనవడుతది.”

“నీకా? ఎన్నడు చెప్పలేదేందే?”

“నువ్వు పరేషానైతవని. అమ్మా, నిన్న రాత్రి నా దోస్తు సాయిప్రియ ఇంట్ల పండుకుంటనని పోయిన గదా.”

“గ్రౌండు దగ్గరైతదని పోతివి.”

“దానింటికి పోకముందు గుట్టకు పోయిన.”

“రేపు కొలతలంటే గుట్టకెందుకే? చున్నీ తియ్యి. తియ్యమంటున్న గదా. అయ్యో నా తల్లీ, ఎంత పని చేసినవే.”

“ఏడవకు. కావాల్ననే చేసిన. జుట్టుతోని పాసైతే నౌకరొస్తది, నిజమే. అప్పుడు గుండుతోనే పోయిందనేది గూడ ఖాయమైతది. నాయిన ఇగ ఆ గీతల నడుమనే ఉండిపోతడు.”

“ఫేలైతే? ఇన్నేండ్లు కొంపల్లి మాల్‌ల నిలవడి కాళ్లు వాసేదాంక పని చేసినవ్. కోర్టు ఇంకోపారి కొలువుమంటదా?”

“అనది. ఇదే ఆఖరు.”

“తెలిసే చేసినవా?”

“తెలిసే. గుట్ట మీద మంగలాయన గూడ అడిగిండు, ఏం మొక్కు బిడ్డా అని. మొక్కు కాదు, మా నాయినకు ఒక జవాబు బాకీ ఉన్ననని చెప్పిన.”

“కోపం చెయ్యనే. ఎంతొచ్చిందో చెప్పు.”

“ముందు నీకు కాదు. జరుగు, దర్వాజ కాడికి పోనియ్యి.”

“నవ్యా, ఇను. మీ నాయిన రుద్దుతున్నడు.”

“ఇంటున్న. నాయినా, గుండుతోనే కొలిసిండ్రు. కావాల్సినదానికన్న మిషిను మీద ఒక గీత ఎక్కువే ఉన్న. నీ మొక్కుతోని ఏం పోలేదు.”