పాత కొలత

రిటైరైన డ్రిల్లు మాస్టారు కొత్త చొక్కా తొడుక్కుని, దర్జీ కొట్లో అద్దం ముందు నీరసంగా నిలబడ్డారు.

"ముందేమో తొడల మీదికి జారింది, వెనకేమో నడుం పైకి లేచింది. చెయ్యి తిరిగినవాడివి, ఇదేం కుట్టయ్యా?"

"పాత కొలతే అన్నారుగా మాస్టారూ, అలాగే కుట్టాను. చొక్కా వంకర కాదు, మీ వీపే వంగింది."

"అదీ తేలింది. నిన్న ఎక్స్‌రే తీస్తే వెన్నులో ఓ పూస నలిగిందన్నారు. పడిందీ లేదు, బరువెత్తిందీ లేదు. ఏం మందులు వాడుతున్నారంది డాక్టరమ్మ. గుండెల్లో మంటకి పొద్దున్నే ఓ మాత్ర, అంతే అన్నాను."

"దానికీ ఎముకలకీ ఏం సంబంధం?"

"అదొక్కటే కారణమని చెప్పలేదులే. ఏళ్ళ తరబడి వాడితే, ఈ వయసులో కొందరికి ఎముకలు గుల్లబారొచ్చట."

"ఎన్నేళ్ళు వాడారు?"

"పదకొండు."

"అన్నేళ్ళు వాడమన్నారా?"

"రెండు నెలలన్నాడు అప్పటి డాక్టరు. మంట తగ్గింది, హాయిగా ఉంది. మడతల దగ్గర చిరిగిపోయినా అతను రాసిచ్చిన చీటీయే చూపిస్తూ వచ్చాను. మందుల షాపువాళ్ళూ ఇస్తూ పోయారు."

"పదకొండేళ్ళలో మళ్ళీ ఒక్కసారైనా ఎవరూ చూడలేదా?"

"నువ్వు చూశావా? పాత కొలతే అంటే తలూపావు."

దర్జీ మెడలో వేలాడుతున్న టేపు తీసి, మాస్టారి వెనక్కి వెళ్ళాడు.

"కాస్త నిటారుగా నిలబడండి మాస్టారూ."

"నిలబడే ఉన్నానయ్యా."