డ్రాగన్ గురక

తమ్ముడు శబ్దాలు సమకూర్చిన వీడియో గేమ్‌ను అక్క మొదటిసారి ఆడుతోంది. తెర మీద గుహలో డ్రాగన్ గురకపెట్టి నిద్రపోతోంది.

“ఒరేయ్, ఈ గురక నాన్నది కదూ?”

“డ్రాగన్‌ది అక్కా.”

“నాకు చెప్పకు. మూడు గురకలు, ఒక ఈల, ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆస్పత్రిలో పదకొండు రోజులు విన్నాను.”

“కొంచెం వేగం తగ్గించానంతే.”

“అందుకా ఆఖరిరోజు అమ్మని కూడా గదిలో ఉండనివ్వలేదు?”

“ఏడుపులు పడితే రికార్డింగ్ పాడైపోతుందక్కా.”

“‘నా కొడుకు చివరిదాకా వాళ్ల నాన్న చెయ్యి వదల్లేదు’ అని అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటోందిరా.”

“చెప్పుకోనీలే.”

“సరే. ఈ గుహలోంచి బయటపడేదెలా?”

“నిద్రలోనే పొడిచెయ్యాలి. అది చస్తేనే తలుపు తెరుచుకుంటుంది.”