అడిగే ముందు

పొగాకు మానమని చెప్పడమే మా ఆవిడ ఉద్యోగం. ఆమే పొగాకు కానుకగా ఇవ్వాలనుకోవడం తప్పు కాదా అన్న సందేహం నాకు అయిదేళ్లుగా ఉంది. అమెరికాలో మేముండే రెడ్‌మండ్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసి, ఆమెకి తెలిసిన ఒక ఆదివాసీ పెద్దాయన ఇంటి ముందు కారు ఆపాక కూడా అది తీరలేదు.

"ఇంకోసారి ఆలోచించు. ఎప్పటిలా పళ్ళు ఇస్తే సరిపోదా?"

"ఆయన పళ్ళు తీసుకుని మా క్లాసుల్లో పిల్లలతో మాట్లాడారండీ. కానీ వాళ్ళలో పెద్దల్ని ఏదైనా అడగాలంటే ముందు చేతిలో పొగాకు పెట్టాలి. ఆ బాకీ అలాగే ఉంది."

"ఆయన దాన్నే కాల్చుకుంటే?"

"కాల్చేది కొట్లో సిగరెట్. ఇది ప్రార్థన చేసి నేలకి ఇస్తారు. మీరు రోజూ కర్పూరం వెలిగిస్తారు, ఆ పొగ పీలుస్తారా?"

"దేవుణ్ణి మధ్యలోకి తేకు. ఇంతకీ ఎక్కడ కొన్నావు?"

"కొనలేదు. అయిదేళ్ల క్రితం ఆయనిచ్చిన విత్తనాలే. తులసి పక్కన మొక్కకి వేసవంతా నీళ్ళు పోసింది ఎవరు?"

"అదా ఇది? ఏదో పూలమొక్క అనుకున్నాను."

"అయితే పాపంలో సగం మీదే. వరండాలోంచి ఆయన దగ్గు వినండి. సిగరెట్ మానమని ఇవాళైనా ఆయన్ని అడగాలి. దిగండి."

పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. మా ఆవిడ ఎర్రగుడ్డలో చుట్టిన ఆకుల్ని రెండు చేతులతో ఇచ్చింది. ఆయన వాసన చూసి ఒడిలో పెట్టుకున్నాడు.

"అయిదేళ్లు పట్టింది నీకు," అన్నాడు. "ఇప్పుడు అడుగు."