మైనస్ ఆరు

ఇబ్రహీంపట్నం దాటాక కొత్త రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రారంభానికి స్టేజీ వేశారు. ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లుగా పాడుతున్న ఆమె, గిటారిస్టు కాళ్ల దగ్గరున్న డిజిటల్ యాంప్ పెట్టెలోకి వంగి చూస్తోంది.

"ఒక పాటకు గిటార్ మీదికొస్తున్నది, ఇంకో పాటకు ఇనవడ్తనే లేదని మిక్సరాయన ఒర్లుతుండు. అన్నిటికి ఒక్క తీరుగ పెట్టరాదా తమ్మీ."

"పెడ్త అక్కా. నువ్వు పోయి చాయ్ తాగు."

"తాగిన. ఈ అంకెలేంది?"

"ఏ పాటకు గిటార్ సౌండ్ ఎంత బయటికి పోవాల్నో గది. సున్న అంటే మామూలు, మైనస్ అంటే తక్కువ."

"గా కొత్త పిల్ల పూజిత పాడేటియన్నీ సున్న ఉన్నయి. నాయి మైనస్ ఆరు ఎందుకున్నయి?"

"నీయన్నీ మెలోడీలు గద అక్కా."

"గా తీన్మార్ పాట గూడ మెలోడీయేనా?"

అతను గుడ్డ తీసి తీగలు తుడవసాగాడు.

"ఎప్పటిసంది?"

"దసరా కాడికెల్లి. నీ గొంతు గిటార్ల మునగొద్దని మొదలు రెండే దించిన. తర్వాత నెలనెలా జర జర."

"పడిపోయిన నా గొంతు మందులకు మల్ల లేచిందనుకున్న. ఇంట్ల గూడ గట్లనే చెప్పిన."

"జనానికి తెల్వలే అక్కా, ఒట్టు."

"నాకు గూడ తెల్వలే గద. అన్నీ సున్న పెట్టు."

"ఇయ్యాల వద్దక్కా. పాట మొత్తం గిటారే ఇనవడ్తది."

"జనం వచ్చేటాల్లకు ఇంక గంట పడ్తది. ఒక్క పాట వాయించు. ముందుగాల నన్ను ఇననియ్యి."

అతను మెల్లగా బటన్ తిప్పాడు.

"మైనస్ ఒకటి కాడ ఆగినవ్ తమ్మీ."